చెల్లె ఎత్తు బెల్లం

మా చెల్లె గొంతు మీద నాకున్నంత కుళ్ళు లోకంలో ఎవరికీ ఎవరి గొంతు మీదా ఉండి ఉండదు. అదేమన్నా పాటలు పాడే గొంతా అంటే కాదు, మాట్లాడితే కప్ప బెకబెకమన్నట్లు ఉండేది. నెలకోసారి వాచేది. వాచినప్పుడల్లా ఇల్లు ఇల్లంతా దాని చుట్టూ తిరిగేది. ఆ తిరగడం చూసి నాకు కడుపు మండేది.

అప్పటికి నాకు పదేళ్ళు, దానికి ఏడు. సిద్దిపేట గంజ్‌కు వెనక వాడలో పెంకుటిల్లు మాది. నాయనమ్మ, బాపు, అమ్మ, మేమిద్దరం. బాపు గంజ్‌లో దడ్వాయి. రైతులు బండ్ల మీద తెచ్చిన వడ్లు, జొన్నలు, పల్లికాయ కాంటా మీద తూచి, ఎన్ని సేర్లో పైకి పాడినట్లు చెప్పడం దడ్వాయి పని. మొదటి తూకానికి ఒకటి అనరు, ‘లాభం’ అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది లెక్క. ఒకసారి ఎవరి పేరు మీదనైనా లాభం అని నోట వచ్చిందంటే ఆ సరుకు ఆ మనిషిదే. దాన్ని దించి ఇంకొకరి పేరు మీద మళ్ళీ తూచడం బాపు బతుకులో చెయ్యలేదు. గంజ్‌లో ఆయనకున్న పేరంతా ఆ పట్టుదల వల్ల వచ్చిందే.

అన్నీ తూచే మనిషి మమ్మల్ని మాత్రం ఎన్నడూ తూచలేదు. నేను అయిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు గంజ్‌కు పోయి ఖాళీ కాంటా ఎక్కి కూర్చున్నానట. బాపు పరుగెత్తుకొచ్చి చంకలో వేసుకుని ఇంటికి తెచ్చి, నాయనమ్మతో ఉప్పు దిగదుడిపించాడట. ఎదిగే పిల్లను తూస్తే ఎదుగుదల ఆగిపోతుందని ఆయన నమ్మకం. ఆ వాడలో అందరి నమ్మకమూ అదే.

చెల్లె ఎదుగుదల మాత్రం ఎవరూ తూచకుండానే ఆగిపోయింది. ఏడేళ్ళ పిల్ల నాలుగేళ్ళ దానిలా ఉండేది. బువ్వ ముద్ద గొంతు దిగేది కాదు. నిద్రలో నోరు తెరుచుకుని గురక పెట్టేది, మధ్యలో ఊపిరి ఆగితే అమ్మ లేచి కూర్చునేది. అందుకని అది అమ్మ పక్కన పడుకునేది. నేను గోడవైపు, నాయనమ్మ పక్కన. నాయనమ్మ గురకకు ఎవరూ లేచి కూర్చునేవాళ్ళు కాదు.

దానికి పసుపు పాలు. దాని గొంతుకు బెల్లం, సున్నం కలిపి పట్టు. దాని నుదుటికి అమ్మ చెయ్యి. నాకు గిన్నెలు తోమడం, బావి నుంచి నీళ్ళు మోయడం, ‘పెద్దది, మంచిది’ అన్న పేరు. రాళ్ళు తిన్నా అరిగించుకుంటానని అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పు తీసుకుని నేనేం చేసుకోను? అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా చెల్లె నోరు విప్పి అడగకుండానే, వాచిన గొంతుతో అన్నీ తెచ్చుకునేది.

ఆ ఏడు వానాకాలంలో దానికి జ్వరం నెలలో రెండుసార్లు వచ్చింది. సర్కారు దవాఖానకు తీసుకుపోతే డాక్టరు చెంచాతో నాలుక నొక్కి చూసి, టాన్సిల్స్ అన్నాడట. గొంతులో రెండు గడ్డలున్నాయి, రేగుపండ్లంత అయినాయి, పట్నం తీసుకుపోయి కోయించాలి, లేకపోతే పిల్ల ఒళ్ళు చెయ్యదు అని చెప్పాడట. అమ్మ ఇంటికి వచ్చి మూలకు కూర్చుని ఏడ్చింది. కొండనాలికకు మందేస్తే ఉన్న నాలిక ఊడినట్లయితదని నాయనమ్మ ఇంకా భయపెట్టింది. ఆ సాయంత్రమే అమ్మ పసుపు బట్టలో ముడుపు కట్టి సమ్మక్కకు మొక్కుకుంది, పిల్ల బతికి బాగైతే నిలువెత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే బెల్లం. ఆ దేవతల దగ్గర బెల్లాన్ని బంగారమనే అంటారు. ఎవరి కోసం మొక్కుకుంటే ఆ మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి ఇవ్వాలి.

పక్కింటి చిన్నమ్మకు లౌక్యం ఎక్కువ. అమ్మను ఓదార్చడానికి వచ్చి, గుమ్మంలోనే ఉపాయం చెప్పింది.

“మొక్కు ఎట్లైన ఇయ్యాలె గదనే అక్కా. గిప్పుడే తూకం వేసుకో. బక్కగున్నప్పుడైతే బెల్లం తక్కువ పడ్తది.”

అమ్మ ఏడుపులోంచే నవ్వింది. దేవత దగ్గర బేరమాడతానా, ఇది ఒళ్ళు చేసినంకనే తూస్తా, ఎంత ఎక్కువ తూగితే నాకంత సంబురం అంది. యుద్ధం నడుస్తున్న కాలం. బెల్లం మీద కంట్రోలు ఉంది, బజారులో ముద్ద దొరకాలంటే మొహం వాచేది. అలాంటి రోజుల్లో చెల్లె ఎత్తు బెల్లం. నేను అమ్మ కొంగు పట్టుకుని నాకు మొక్కు లేదా అని అడిగాను.

“నీకేమైందని మొక్కు? గుండ్రాయి లెక్క ఉన్నవ్” అంది అమ్మ.

బతుకమ్మ పండుగ పోయిన వారానికి బాపు, అమ్మ, చెల్లె బొగ్గుతో నడిచే బస్సులో పట్నం పోయారు. ప్రజ్ఞాపూర్ దగ్గర బస్సు ఆగితే చెల్లెకు జామపండు కొన్నారని, అది తినలేక చేతిలో పట్టుకునే పట్నం దాకా పోయిందని తర్వాత తెలిసింది. నేను నాయనమ్మతో ఉండి గిన్నెలు తోమాను.

తిరిగి వచ్చినప్పుడు చెల్లె గొంతులో గడ్డలు పోయాయి, నోటి నిండా గొప్పలు వచ్చాయి. పట్నం దవాఖానలో తెల్లటి మంచమట. నర్సమ్మ బొట్టు లేకుండా ఉంటుందట. అన్నిటికంటే పెద్ద గొప్ప, బరఫ్. గొంతు మంట చల్లారడానికి దానికి బరఫ్ ముక్కలు తినిపించారట. నేను అప్పటికి మంచుగడ్డ కళ్ళతో చూడలేదు. ఎట్లుంటది అని అడిగితే అది చాలాసేపు ఆలోచించి, “రాయిలెక్కుంటది, నోట్లె పెట్టుకుంటె ఉండది” అంది. అంత మంచి వస్తువు తిని వచ్చి, చెప్పడం కూడా చేతకాలేదు. ఆ కోపం నాకు చాలా ఏళ్ళుంది.

మరునాటికి నాకూ గొంతు నొప్పి వచ్చింది. వచ్చింది అంటే తెచ్చుకున్నాను. నాయనమ్మ నోరు తెరిపించి చూసి, ఏం కనబడకపోయినా ఎందుకైనా మంచిదని గొంతుకు సున్నం పట్టు వేసింది. బెల్లం కంట్రోలు కదా, వట్టి సున్నం. చర్మం బొబ్బలెక్కింది. నాలుగు రోజులు మెడ తిప్పలేదు. చెల్లె వచ్చి జాలిగా ఊదింది. పుండు మీద కారం చల్లినట్లయింది నాకు.

పట్నం డాక్టరు చెల్లెను మిషను మీద నిలబెట్టి తూచి, నాలుగు నెలలకు మళ్ళీ తూచి చెప్పమని చీటీ రాసిచ్చాడట. గొంతు బాగైతే తిండి దిగుతుంది, తిండి దిగితే బరువొస్తుంది, రాకపోతే లోపల ఇంకేదో రోగం ఉన్నట్లు. మిషను మీది లెక్క బాపు మన లెక్కలోకి మార్చి చెప్పాడు, పదహారు సేర్లు. ఇప్పటి లెక్కలో పదిహేను కిలోలు. డాక్టరు చెప్పినది కాబట్టి ఎదుగుదల ఆగుతుందన్న భయం దానికి పని చెయ్యదట. మా ఇంట్లో తూకం ఎక్కిన మొదటి మనిషి కూడా అదే అయింది.

ఇక మొదలైంది దాని తిండి. మొదట గంజి, తర్వాత మెత్తటి బువ్వ, తర్వాత జొన్నరొట్టె. దీపావళి దాటేసరికి పొద్దున ఒక గుడ్డు, ఆదివారం బొక్కల చారు, సాయంత్రం గ్లాసెడు పాలు. గురక ఆగిపోయింది. బుగ్గలు వచ్చాయి. మోచేతుల దగ్గర ఎముకలు కనబడకుండా పోయాయి. వాడవాళ్ళు వచ్చి దాని బుగ్గ గిల్లి పోయేవాళ్ళు. నా బుగ్గలు పుట్టినప్పటి నుంచి ఉన్నాయి కాబట్టి వాటిని ఎవరూ చూడలేదు.

నాకు చిన్నవైన లంగాలు రెండేళ్ళు పెట్టెలో ఉండి దానికి పోవడం మా ఇంటి పద్ధతి. ఆ చలికాలంలో పెట్టెలోవన్నీ దానికి పట్టాయి. నేను తొడుక్కుంటున్న ఎర్ర గళ్ళ లంగా కూడా అమ్మ దానికి తొడిగి చూసింది. నడుము దగ్గర కొంచెం వదులు, అంతే. “ఇద్దరు జంటపిల్లల లెక్క ఉన్నరు” అన్నది చిన్నమ్మ. నాకున్నదల్లా పెద్దరికం. అది కూడా లంగాతోపాటు పోయేటట్లు ఉంది.

సాయంత్రం పాలు తాగించే పని నాది. ఇక్కడ నిజం చెప్పాలి. మొదటి రోజు ఒక గుక్క తాగాను. వారం తిరిగేసరికి సగం గ్లాసు నేను తాగి, మిగిలినదానిలో కుండనీళ్ళు కలిపి దానికి ఇచ్చేదాన్ని. అది ఒకసారి గ్లాసులోకి చూసేది, ఒకసారి నా మొహం చూసేది, తాగేసేది. దాని బరువు పెరగకూడదని నా కోరిక. అంతకన్నా నాకు వేరే కోరిక లేదని ఇప్పుడు బుకాయించను. అయినా అది ఆ నీళ్ళ పాలతోనే ఒళ్ళు చేసింది. పాల మహిమ చూశావా అని అమ్మ మురిసిపోతుంటే, నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడేదాన్ని.

సమ్మక్క జాతర దగ్గర పడింది. బాపు ఎక్కడెక్కడో తిరిగి ముద్ద ముద్దగా ఇరవై ముద్దలు కూడబెట్టాడు. ఒక్కో ముద్ద సేరుకు కొంచెం అటూ ఇటూ. వాటిని నడింట్లో కొత్త చాప మీద పేర్చి, పసుపు బట్ట కప్పారు. ఆ వాసనకు నాకు నిద్ర పట్టేది కాదు. తూకం బుధవారం అనుకున్నారు. మంగళవారం పొద్దున్నే బాపు గంజ్ నుంచి పెద్ద కాంటా తెప్పించి దూలానికి కట్టి పనికి పోయాడు. రెండు చెక్క పళ్ళాలు, గొలుసులతో, నేలకు జానెడు పైన.

ఆ మధ్యాహ్నం అమ్మ పేరంటాళ్ళను పిలవడానికి పోయింది. నాయనమ్మ అరుగు మీద కునుకు తీస్తోంది. చెల్లె బట్ట ఎత్తి బెల్లం ముద్దలు చూసుకుంటోంది, రేపు అవన్నీ తనవి కదా. నాకు ఆపుకోవడం చేతకాలేదు. ఒక పళ్ళెంలో కూర్చున్నాను. పళ్ళెం నేలకు ఆనింది.

“ముద్దలు తెచ్చి గా పళ్ళెంల పెట్టు. బాపు చెప్పినట్లు లెక్క చెప్పు” అన్నాను.

అది ఎందుకని అడగలేదు. ఒక్కో ముద్దను రెండు చేతులా ఎత్తుకుని, పొట్టకు ఆనించుకుని తెచ్చి పెట్టింది. “లాభం” అంది బాపు గొంతు పెట్టి. తర్వాత రెండు. తర్వాత మూడు. నేను కళ్ళు మూసుకుని, పళ్ళెం ఎప్పుడు లేస్తుందా అని ఎదురుచూస్తున్నాను. పది అంది. పదిహేను అంది. నా పళ్ళెం కదల్లేదు. ఇరవై అంది.

“అయిపోయినయక్కా” అంది.

నేను నేల మీదే ఉన్నాను. ఇల్లంతా ఊడ్చి పెట్టినా నా ఎత్తు బెల్లం ఆ ఇంట్లో లేదు. మొక్కు లేని పిల్లకు దొంగతనంగా తూచుకుందామన్నా బెల్లం చాలలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. మోకాళ్ళ మీద మొహం పెట్టుకుని, చెల్లె ముందర ఎన్నడూ ఏడవనిదాన్ని, బావురుమని ఏడ్చాను.

 చెల్లె అవతలి పళ్ళెం దగ్గరికి పోయి, గొలుసు రెండు చేతులా పట్టుకుని కిందికి లాగింది. కాళ్ళు నేల నుంచి ఎత్తేసి వేలాడింది. నాలుగు నెలల్లో ఒంటికి పట్టిన బరువంతా ఆ గొలుసు మీద వేసింది. నా పళ్ళెం లేచింది. జానెడు లేచింది, మూరెడు లేచింది. అది ఎర్రబడ్డ మొహంతో “లేసినవక్కా, లేసినవ్” అంటోంది. నేను ఏడుస్తూనే గాలిలో ఊగుతున్నాను. అప్పుడే బాపు తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు.

కొడతాడనుకున్నాను. ఆయన వచ్చి ముందు గొలుసు పట్టుకుని నన్ను మెల్లగా దించాడు. బెల్లం వైపు చూశాడు. నా మొహం వైపు చూశాడు. అడిగిన మాట ఒక్కటే.

“లాభం అన్నరా?”

“ఇరవై దాంక అన్న” అంది చెల్లె, మెప్పు కోసం చూస్తూ.

అమ్మ తిరిగి వచ్చి సంగతి విని తల పట్టుకుంది. దేవత సొమ్ముతో ఆటలా అని నన్ను నాలుగు తిట్టింది. ఆ తిట్లు న్యాయమే. తర్వాత తనే నెమ్మదించి, పిల్లలాటకు తూకమేంది, రేపు పొద్దున చిన్నదాన్ని కూర్చోబెట్టి మళ్ళీ తూస్తే సరిపోతుంది, చూసినవాళ్ళెవరు అంది. బాపు తలపాగ విప్పి గోడకు తగిలించి, కాంటా పక్కనే కింద కూర్చున్నాడు.

“గంజ్‌ల ఒకని పేరు మీద తూచింది ఇంకొకని పేరు మీద తూచ. గీ బెల్లం పెద్దదాని పేరు మీద పడ్డది. తక్కువ పడ్డది నిండుగ తెస్త. చిన్నదానికి వేరే తెస్త.”

“మరి దానికేమైందని మొక్కు?” అంది అమ్మ.

“ఏం కాలేదని” అన్నాడు బాపు.

 అమ్మ నా వైపు చూసింది, చెల్లె గొంతు వైపు చూసినట్లు, సరిగ్గా అట్లాగే. లేచి వచ్చి నా మెడ మీద సున్నం మచ్చను కొంగుతో తుడిచింది. అది తుడిస్తే పోయే మచ్చ కాదు.

బెల్లం కోసం బాపు రెండు రోజులు పనికి పోలేదు. అక్కన్నపేట దిక్కు చెరుకు వేసే రైతులుంటే వాళ్ళ దగ్గరికి పోయాడట. ఎవరి దగ్గరా గింజ కూడా అడగని దడ్వాయి, ముద్ద బెల్లం కోసం నోరు తెరిచి అడిగాడట. బస్తాలు భుజాన వేసుకుని వచ్చాడు. పేరంటాళ్ళు శుక్రవారం వచ్చారు. మొదలుపెట్టిన తూకం ముందు ముగించాలని నన్నే ముందు కూర్చోబెట్టాడు. నాకు ఎర్ర గళ్ళ లంగా తొడిగారు. ఎదిగే పిల్లను, జబ్బు లేని పిల్లను తూస్తున్నానని ఆయనకు భయం పోలేదు. ఒక్కో ముద్ద పెట్టేటప్పుడు నా మొహం చూసేవాడు.  ఇరవై అయిదు దగ్గర కాంటా సమానమైంది. నేను నేల విడిచి లేచాను, ఈసారి ఎవరూ గొలుసు లాగలేదు.

తర్వాత చెల్లె. పంతొమ్మిది. పదహారు నుంచి పంతొమ్మిది. అమ్మ డాక్టరు చీటీ కళ్ళకద్దుకుంది.

బండ్లు కట్టుకుని జాతరకు పోతుంటే, రెండో రోజు బండిలో గడ్డి మీద పడుకుని, చెల్లె చెవిలో నిజం చెప్పేశాను, నీ పాలు సగం నేను తాగి నీళ్ళు కలిపిన అని.

“ఎరుకే” అంది అది. “నాకు పాలు సయించవ్. నీళ్ళు కలిపితేనె మంచిగుండె.”

ఇన్ని నెలలు నేను మోసిన పాపం దానికి సాయమై కూర్చుంది. దానికి కీడు చెయ్యడం కూడా నాకు చేతకాలేదు.

దేవతల గద్దె దగ్గర రెండు కుప్పలు పక్కపక్కన పెట్టారు. నాది పెద్దది. చెల్లె రెండింటినీ చూసింది. తన ముద్దలు లెక్కపెట్టుకుంది, నావి లెక్కపెట్టింది, పెదవి వంకర తిరిగింది. అంతమందిలో గొంతెత్తి ఏడ్చింది. గడ్డలు పోయిన గొంతు, గంట మోగినట్లు ఉంది.

“అక్కకేం కాలేదు గద. దానికెందుకు ఎక్కువ?”

ఆ ఏడుపు కోసం నేను ఎన్నాళ్ళు ఎదురుచూశానో సమ్మక్కకే తెలియాలి. చెవుల నిండా విన్నాను. పిసరంత కూడా జాలి పడలేదు. నా కుప్పకు దండం పెట్టుకుని, గర్వంగా బాపు వైపు తిరిగాను.

బాపు ఏడుస్తున్న దాన్ని ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. అది ఆయన తలపాగ పట్టుకుని, ముక్కు చీదుకుంటూ, జాతరంతా పైనుంచి చూసుకుంటూ పోయింది. నేను వెనక దుమ్ములో నడిచాను. కడుపులో మళ్ళీ మంట మొదలైంది. ఇరవై అయిదు సేర్లని అందరికీ తెలిసిపోయాక నన్నెవరు ఎత్తుకుంటారు?